కర్ర చూసి మురిసిపోతే పండుగప్ప చిక్కదు!
గాలంతో మొదలుపెట్టి కర్రతో ముగించాలి

మచిలీపట్నం: పోటు తిరిగి పాటు మొదలయ్యే వేళ. గిలకలదిండి దిగువన క్రీకు గట్టు మీద నలుగురైదుగురు గాలాలు వేసుకుని కూర్చుని ఉంటారు. కొందరి చేతిలో వెదురు కర్ర, మరికొందరి చేతిలో రీలు బిగించిన నిగనిగలాడే కొత్త కర్ర. ఉన్నట్టుండి నీటి అంచున "డభ్" మని చప్పుడవుతుంది. కొత్త కర్ర విల్లులా వంగుతుంది. రీలు కీచుమంటుంది. గట్టు మీదివారంతా లేచి నిలబడేలోగానే వంగిన కర్ర నిటారుగా లేస్తుంది. దారం తెగింది. చేప పోయింది. దాని నోట్లో గాలమూ పోయింది.

బందరు మొదలు దివిసీమ చివరి దాకా ఉప్పునీటి పాయల గట్ల మీద ఇలాంటి భంగపాటు కొత్త కాదు. "పెద్దదే తగిలింది, అదృష్టం లేదు" అని సరిపెట్టుకుని ఇంటికి వెళతారు. నిజానికి చాలాసార్లు ఇందులో అదృష్టం పని ఏమీ లేదు. లోపం సరంజామాలో ఉంది. కొనేవాడు కర్రతో మొదలుపెడతాడు. చేప మాత్రం గాలంతో మొదలుపెడుతుంది. డబ్బంతా కర్ర మీద పోసి, గాలం దగ్గరా దారం దగ్గరా పిసినారితనం చూపితే జరిగేది ఇదే.

పేరు ఒకటే, చేప వేరు

ఇటీవలి కాలంలో చేతి ఫోనులో చూసి గాలపు సామగ్రి తెప్పించుకునే యువకులు పెరిగారు. వాటిలో చాలా వాటి మీద "బాస్" అని రాసి ఉంటుంది. పండుగప్పను ఇంగ్లీషులో సీబాస్ అంటారు గనుక ఇది మన చేప కోసమే అనుకోవడం సహజం. కాని అక్కడే పొరపాటు జరుగుతున్నది.

ఆ సరుకు మీద రాసిన బాస్ అమెరికా మంచినీటి చెరువుల చేప. దానికీ పండుగప్పకూ చుట్టరికం లేదు. అమెరికా చేపలో ఇంతవరకు లెక్కకెక్కిన అతి పెద్దది 10 కిలోలకు కాస్త పైన తూగింది. 1932లో జార్జియా రాష్ట్రంలో ఒక రైతు దానిని పట్టాడు. 2009లో జపానులోని బివా సరస్సులో దానికి సమానమైన చేప మరొకటి దొరికింది. అక్కడ సాధారణంగా పడేవి ఒకటి రెండు కిలోల చేపలే. ఆ లెక్కకు సరిపోయేలా చేసిన సన్నని గాలాలు, తేలిక కర్రలు మన పాయల్లోకి వస్తే ఎంతవరకు నిలుస్తాయో ఆలోచించుకోవచ్చు.

మన పండుగప్ప అంతకు అనేక రెట్లు పెరగగల చేప. తమిళనాడులో కొడువా, బెంగాలులో భేట్కీ, ఆస్ట్రేలియాలో బరముండి అనేది దీనినే. ఏటి మొగల దగ్గర ఉప్పునీటిలో గుడ్లు పెడుతుంది. పిల్లలు పోటుతో పాటు పాయల్లోకి, మురుగు కాలువల్లోకి, వీలైతే మంచినీటిలోకి కూడా ఎక్కి వస్తాయి. అక్కడ పెరిగి, ఈడు వచ్చాక మళ్ళీ మొగ వైపు దిగుతాయి. కనుకనే తూముల దగ్గర, వంతెన స్తంభాల నీడలో, మడచెట్ల వేళ్ళ మధ్య ఇవి మాటు వేసి ఉంటాయి. తరిమి తరిమి వేటాడే చేప కాదు ఇది. దగ్గరకు వచ్చిన రొయ్యనో చిన్న చేపనో నోరు తెరిచి నీటితో సహా లోపలికి పీల్చుకుంటుంది. గట్టు మీద వినిపించే "డభ్" మనే చప్పుడు అదే.

దీని పళ్ళు కోసేవి కావు. గరుకు కాగితంలా ఉంటాయి. కాని మొప్ప మీది రేకు అంచు కత్తిలా ఉంటుంది. గాలం పడిన చేప తల విదిలించినప్పుడు దారం ఆ రేకుకు తగిలితే తెగడానికి క్షణం పట్టదు. ఈ ఒక్క సంగతి తెలిస్తే సగం సామగ్రి ఎలా ఎంచుకోవాలో తెలిసినట్లే.

మొదట గాలం

గాలం కొనేటప్పుడు బొటనవేలి గోరు మీద మొనను ఆనించి మెల్లగా లాగి చూడాలి. గోటిలో దిగి ఆగితే పదును ఉన్నట్లు. జారిపోతే పనికిరాదు, లేదా ఆకురాయితో పదును పెట్టుకోవాలి. వేటలో కూడా రాళ్ళకూ చెట్ల వేళ్ళకూ తగిలినప్పుడల్లా ఈ పరీక్ష చేసుకోవడం మంచిది.

గాలాల అంకెలు కొత్తవారిని తికమక పెడతాయి. 10, 8, 6 అని అంకె తగ్గే కొద్దీ గాలం పెద్దదవుతుంది. ఒకటి దాటాక 1/0, 2/0, 3/0 అని అంకె పెరిగే కొద్దీ పెద్దదవుతుంది. బతికిన రొయ్య ఎరగా పండుగప్పకు వేసేవారికి 3/0 నుంచి 5/0 వరకు సరిపోతుంది. తీగ మందం చూసుకోవాలి. చేత్తో వంచితే వంగే గాలం పెద్ద చేప చేతిలో సూదిలా సాగిపోతుంది. ఎరను గుచ్చినప్పుడు గాలం మొన పైకి కనిపించాలి. ఎరలో మొన కూరుకుపోతే చేప మింగి కక్కేస్తుందే తప్ప గుచ్చుకోదు.

బొమ్మ ఎరలు కొనేవారు మరో విషయం గమనించాలి. వాటికి తగిలించి వచ్చే మూడు కొక్కేల గాలాలు, వాటిని పట్టి ఉంచే రింగులు తరచు సన్నవిగా ఉంటాయి. వాటిని తీసేసి గట్టివి తగిలించుకుంటే ఖర్చు స్వల్పం, లాభం ఎక్కువ.

కుంటి చేపే మొదట నోట పడుతుంది

బొమ్మ ఎర చేపను ఎలా మోసం చేస్తుంది? ఈ రహస్యం పట్టుకున్నవాడు ఫిన్లాండు దేశపు పేద జాలరి లౌరీ రాపాల. చేపల గుంపులో ఆరోగ్యంగా ఈదే వందింటిని వదిలి, దెబ్బతిని ఒరుగుతూ ఈదే ఒక్కదానిపైనే పెద్ద చేప దూకుతుందని ఆయన గమనించాడు. 1936లో చెప్పులు కుట్టే కత్తితో బెండు చెక్కి, చాక్లెట్ల మీది తళతళలాడే రేకు చుట్టి, ఫొటో ఫిల్ములు కరిగించిన పూత పూసి, అలా ఒరుగుతూ ఈదే బొమ్మ చేపను తయారు చేశాడు. నేడు ఆయన పేరిట బొమ్మ చేపలు లోకమంతా అమ్ముడవుతున్నాయి. గొప్పతనం బొమ్మ అందంలో లేదు, నడకలో ఉంది.

అందుచేత బొమ్మ ఎరను విసిరి గిరగిరా చుట్టేయడం వల్ల ప్రయోజనం లేదు. చేప ఉంటుందనుకున్న చోటికి కాస్త అవతలగా విసరాలి. రెండు జానలు లాగాలి, ఆపాలి. మళ్ళీ లాగాలి, మళ్ళీ ఆపాలి. చాలాసార్లు ఆపినప్పుడే చేప అందుకుంటుంది. తొందరపాటు ఉన్నవాడికి బొమ్మ ఎర అచ్చిరాదు.

పండుగప్పకు పనికివచ్చేవి ముఖ్యంగా మూడు రకాలు. నీటిలో కొద్దిగా మునిగి ఈదే బొమ్మ చేప ఒకటి. సీసపు తల ఉన్న గాలానికి గుచ్చే మెత్తని రబ్బరు చేప లేక రొయ్య రెండవది. లోతుగా, పాటు వడిగా ఉన్నచోట అది అడుగుకు దిగుతుంది. నీటి మీద తేలుతూ చప్పుడు చేసేది మూడవది. తెల్లవారుజామున, పొద్దు గుంకే వేళ నీరు నిలకడగా ఉన్నప్పుడు దాని పని. ఈ మూడు ఉంటే చాలు. పెట్టె నిండా రంగురంగుల బొమ్మలు కొనడం దుకాణదారుకు లాభమే గాని వేటగాడికి కాదు.

రెండవది దారం

నైలాన్ దారం సాగుతుంది. చేప గుంజినప్పుడు ఆ సాగుడు కొంత ఆదుకుంటుంది. కాని ఎండకు అది బలం కోల్పోతుంది. నిరుటి దారం పైకి బాగానే కనిపిస్తుంది, చేప గుంజితే పుటుక్కుమంటుంది. పెద్ద వేటకు ఏటా దారం మార్చుకోవడం మేలు. 1990ల నుంచి వాడుకలోకి వచ్చిన జడ అల్లిక దారం సన్నగా ఉండి ఎక్కువ బరువు ఆపుతుంది, సాగదు. అయితే రాళ్ళకు, గుల్లలకు రాసుకుంటే త్వరగా తెగుతుంది.

క్రీకులలో పండుగప్పకు 20 నుంచి 30 పౌన్ల జడ దారం చాలు. అంటే సుమారు 9 నుంచి 13 కిలోల బరువు ఆపేది. కాని ఆ దారాన్ని నేరుగా గాలానికి కట్టరాదు. 40 నుంచి 60 పౌన్ల మందపాటి నైలాన్ ముక్కను బారెడు పొడవున మధ్యలో చేర్చాలి. దీనినే లీడరు అంటారు. మొప్ప రేకు తగిలేది ఈ ముక్కకే. తెగిన దారాలలో చాలా వరకు ఈ బారెడు ముక్క లేకపోవడం వల్ల తెగినవే.

ముడి విషయంలో కూడా అశ్రద్ధ పనికిరాదు. బిగించే ముందు ముడిని ఉమ్ముతోనో నీటితోనో తడపాలి. పొడిగా బిగిస్తే రాపిడి వేడికి నైలాన్ బలం తగ్గుతుంది. బిగించాక చేతికి గుడ్డ చుట్టుకుని గట్టిగా లాగి చూడాలి. తెగేదేదో గట్టు మీదే తెగితే మంచిది.

మూడవది రీలు

రీళ్ళలో రెండు రకాలు ముఖ్యం. చుట్ట కదలకుండా ఉండి, దాని అంచు మీదుగా దారం జారిపోయే స్పిన్నింగ్ రీలు ఒకటి. చుట్టే గిర్రున తిరిగి దారం వదిలే బెయిట్‌కాస్టింగ్ రీలు రెండవది. రెండవ రకం గురి కుదిరితే గొప్పగా పనిచేస్తుంది. కాని విసిరేటప్పుడు బొటనవేలితో చుట్టను అదుపు చేయడం చేతకాకపోతే దారం పిచ్చుక గూడులా చిక్కుపడుతుంది. కొత్తవారికి మొదటి రకమే సుఖం.

రీలులో అతి ముఖ్యమైన భాగం డ్రాగు. బండికి బ్రేకు ఎలాంటిదో రీలుకు డ్రాగు అలాంటిది. చేప బలంగా లాగినప్పుడు దారం తెగకుండా కొంచెం కొంచెం వదిలే ఏర్పాటు ఇది. దీనిని పూర్తిగా బిగించి కూర్చోవడమే కొత్తవారు చేసే పెద్ద తప్పు. దారం ఆపగల బరువులో నాలుగో వంతు నుంచి మూడో వంతు లాగుడుకు డ్రాగు జారాలి. 9 కిలోల దారమైతే రెండున్నర, మూడు కిలోలకు జారడం మొదలవ్వాలి. ఇది కొలవడానికి ప్రత్యేక సాధనం అక్కరలేదు. స్ప్రింగు కాటా కొక్కేనికి దారం కట్టి లాగితే ముల్లు చెబుతుంది.

ఉప్పునీటి వేట నుంచి రాగానే రీలును మంచినీటితో మెల్లగా కడిగి, డ్రాగు వదులు చేసి నీడన ఆరబెట్టాలి. ఉప్పు తిన్న రీలు మరుసటి వేటలో తిరగదు.

చివరికి కర్ర

గాలం, దారం, రీలు ఏమిటో తేలిన తరువాత కర్ర ఎన్నిక తేలిక. కర్ర మొదట్లో అది ఎన్ని పౌన్ల దారానికి, ఎంత బరువు ఎరకు తగినదో రాసి ఉంటుంది. చేతిలో ఉన్న దారానికి, ఎరకు ఆ అంకెలు సరిపోవాలి. క్రీకు గట్టు మీద నిలబడి విసరడానికి ఆరున్నర, ఏడు అడుగుల కర్ర చాలు. మొదలు బిరుసుగా, కొస చురుకుగా ఉండాలి. మంగినపూడి, హంసలదీవి వంటి చోట్ల తీరం నుంచి అలలు దాటించి విసరాలంటే మాత్రం పది పన్నెండు అడుగుల కర్ర కావాలి.

దారం దూరే రింగులలో దూది తిప్పి చూడాలి. పోగు చిక్కుకుంటే అక్కడ బీట ఉన్నట్లు. ఆ బీటే దారాన్ని కోస్తుంది. జోడెద్దులలో ఒకటి గిత్త, ఒకటి ముసలిది అయితే బండి ఎలా నడవదో, కర్ర ఘనమైనది, దారం నాసిది అయితే వేట అలాగే సాగదు.

గుడివాడ వైపు వెదురే మేలు

ఇన్ని చెప్పుకున్నా రీలు అవసరమే లేని వేట కూడా ఉంది. గుడివాడ పరిసరాలలో కాలువలు, బోదెలు, మురుగు కాలువలు గుర్రపుడెక్కతో, తూటికాడతో నిండి ఉంటాయి. వాటి సందులలో కొర్రమేను ఉంటుంది. ఈ చేప పైగాలి పీల్చుకోవడానికి అప్పుడప్పుడు నీటి మీదికి వస్తుంది. దాని జాడ తెలిపేది ఆ బుడగే.

ఇక్కడ చేపను పరుగెత్తనిస్తే డెక్కలో దూరుతుంది, ఇక రాదు. కనుక దారం వదిలే రీలు కంటే నిలువుగా ఎత్తే కర్రే మేలు. కణుపులు దగ్గరగా ఉండి, కొస సన్నగా తేలిన పన్నెండు పదిహేను అడుగుల వెదురు, దానికి దాదాపు అంతే పొడవు బలమైన దారం, ఒక మంచి గాలం చాలు. వెదురును నీడన ఆరబెట్టి, వంకర ఉన్నచోట సెగ చూపి సరిచేసి, నూనె రాస్తే చాలాకాలం మన్నుతుంది.

విసిరే కర్ర ఉన్నవారు రబ్బరు కప్పను వాడవచ్చు. దాని గాలాలు వీపు మీదికి తిరిగి ఉంటాయి గనుక డెక్క మీద నుంచి లాగినా చిక్కుకోవు. బతికిన కప్పను హింసించే పని తప్పుతుంది. కొర్రమేను కప్పను అందుకోగానే గుంజరాదు. ఒక్క క్షణం ఆగి, అది నోరు మూసి తిరిగాక గుంజాలి. పండుగప్పకు ఆ ఆలస్యం పనికిరాదు. ఎరను పీల్చినంత వేగంగా వదిలేస్తుంది.

ప్రాణం మీదికి తెచ్చుకోవద్దు

చేప పోతే మరో చేప దొరుకుతుంది. కాని డెల్టాలో గాలం వేసేవారు మరచిపోతున్న ప్రమాదం ఒకటి ఉంది. నేడు ఎక్కువగా అమ్ముతున్న కర్రలు కార్బన్‌వి. కార్బన్ గుండా కరెంటు పారుతుంది. చేపల చెరువుల గట్ల మీదుగా, కాలువలకు అడ్డంగా కరెంటు తీగలు పోతుంటాయి. తల ఎత్తి చూడకుండా కర్ర విసిరినా, నిలువుగా పట్టుకుని తీగల కింద నడిచినా ప్రాణాపాయమే. కర్ర తీగకు తగలనవసరం లేదు, బాగా దగ్గరకు వెళ్ళినా చాలు. తడిసిన వెదురును, తడి దారాన్ని కూడా నమ్మరాదు. తీగల కింద గాలం వేయకపోవడం, ఉరుములు వినబడగానే కర్ర కింద పెట్టి గట్టు దిగడం ప్రతివాడూ పిల్లలకు మొదట నేర్పవలసిన పాఠం.

తెగిన దారాన్ని గట్టు మీద పారేయడం మరో చెడ్డ అలవాటు. కొంగల కాళ్ళకు చుట్టుకుంటుంది. మేసే పశువు నోట్లోకి పోతుంది. దారం ముక్కలు జేబులో వేసుకుని ఇంటికి తెచ్చుకోవడం పెద్ద కష్టం కాదు.

ఎక్కడ పడితే అక్కడ గాలం వేయడమూ తగదు. చెరువులకు పాటదారులు, యజమానులు ఉంటారు. దివిసీమలో సొర్లగొంది, నాచుగుంట వైపు మడ అడవి కృష్ణా వన్యప్రాణి అభయారణ్యంలోనిది. బావురు పిల్లికి అది నిలయం. అటవీ శాఖ అనుమతి లేకుండా అందులో అడుగు పెట్టరాదు.

పెద్దది ఆడది

పండుగప్ప గురించి చాలామందికి తెలియని విశేషం ఒకటి ఉంది. ఇది మొదట మగ చేపగా ఎదిగి, కొన్నేళ్ళు గడిచి పెద్దదయ్యాక ఆడదిగా మారుతుంది. అంటే గాలానికి పడిన అతి పెద్ద చేప లక్షల కొద్దీ గుడ్లు పెట్టే తల్లి అన్నమాట. చెన్నైలోని కేంద్ర ఉప్పునీటి ఆక్వాకల్చర్ పరిశోధన సంస్థ 1997లో హేచరీలో దీని పిల్లలను ఉత్పత్తి చేయడంలో విజయం సాధించింది. దానితో చెరువుల్లో పెంపకానికి దారి ఏర్పడింది. కాని పాయలలో తిరిగే చేపకు హేచరీ లేదు. మొగ దగ్గరి ఉప్పునీరు, మడచెట్ల నీడ, పెద్ద ఆడ చేపలు, ఇవే దానికి ఆధారం.

కొర్రమేనుదీ అదే కథ. వర్షాకాలంలో ఎర్రని చిన్న పిల్లల గుంపు నీటి మీద కదులుతుంటే దాని కిందే తల్లిదండ్రులు కాపలా ఉంటాయి. అప్పుడు ఏ ఎర వేసినా ఆకలితో కాక కోపంతో కరుస్తాయి. ఆ చేపను పట్టడం గొప్ప కాదు. పిల్లలన్నీ పక్షుల పాలు, ఇతర చేపల పాలు అవుతాయి.

కూలి పని చేసుకుని పూటకు కూర కోసం గాలం వేసేవాడికి పెద్ద చేపను వదలమంటే నవ్వు రావచ్చు. అతని లెక్క వేరు. సరదాకు కర్ర పట్టినవారు మాత్రం ఒకటి రెండు ఇంటికి తెచ్చుకుని, తల్లి చేపను వదిలితే పోయేది ఏమీ లేదు. గాలం ముల్లును పట్టకారుతో నొక్కి పెడితే చేపకు గాయం తగ్గుతుంది, వేలికి గుచ్చుకున్నా తేలిగ్గా వస్తుంది.

ఎన్ని కర్రలు మారినా ఏటి పద్ధతి మారలేదు. పులిగడ్డ దగ్గర చీలిన కృష్ణ దివిసీమను చుట్టి సముద్రంలో కలుస్తూనే ఉంది. అమావాస్యకు, పున్నమికి పోట్లు ఎక్కుతూనే ఉన్నాయి. పోటుతో చేప లోపలికి వస్తుంది, పాటుతో తూముల నోట, పాయల మలుపుల్లో కాచుకుంటుంది. ఆ వేళకు గట్టు మీద ఉండేవాడికి మొదట కావలసింది పదునైన గాలం, తడిపి బిగించిన ముడి, బారెడు లీడరు, కాస్త వదులు చేసిన డ్రాగు. వీటికి పోగా మిగిలిన డబ్బుతో కర్ర కొనుక్కోవచ్చు. మిగలకపోతే పెరటి వెదురు ఉండనే ఉంది.